అక్షరానికీ మజూరి ఉంటది
ఫ్రీలాన్స్ రాత, దిద్దుబాటు పని: అపోహలు – వాస్తవాలు

సరస్వతి ఉన్న ఇంట్లో లక్ష్మి కాలు పెట్టదంటారు. ఎవరి పుస్తకానికో ప్రూఫులు దిద్ది, ఏ దుకాణానికో ప్రకటన రాసిచ్చి పైసల మాట ఎత్తామో లేదో, ఈ మాటే ఎదురొస్తుంది. దీన్ని కాదనే గుడి మాత్రం మన పక్కనే ఉంది. పాత ఆదిలాబాద్, ఇప్పటి నిర్మల్ జిల్లాలోని బాసరలో, గోదావరి ఒడ్డున జ్ఞానసరస్వతితో పాటు మహాలక్ష్మి, మహాకాళి కూడా కొలువై ఉన్నారు. అక్షరాభ్యాసానికి వచ్చిన పిల్లలు పలక పట్టేది ముగ్గురమ్మల ముందరే.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఇంటి పట్టునే ఉండి రాత, దిద్దుబాటు, అనువాదం చేసుకుని బతకాలనుకునేవాళ్లను భాష రాకపోవడం కంటే ఇలాంటి మాటలే ఎక్కువ వెనక్కి లాగుతుంటాయి. వాటిలో కొన్నింటిని ఒక్కొక్కటిగా విప్పి చూద్దాం.

అపోహ 1: రాతకు పైసలు అడగడం మర్యాద కాదు

వాస్తవం: కవికి ముట్టిన ప్రతిఫలం మన కరీంనగర్ జిల్లాలో రాయి మీదే చెక్కి ఉంది. గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది. 10వ శతాబ్దంలో వేములవాడ చాళుక్య రాజు రెండో అరికేసరి కొలువులో పంపకవి కన్నడంలో ‘విక్రమార్జున విజయం’ రాశాడు. ఆయన తమ్ముడు జినవల్లభుడు ఈ గుట్ట మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడు భాషల్లో శాసనం వేయించాడు. తెలుగులో కందపద్యం ఎంత పాతదో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా పండితులు చూపించేది ఈ శాసనాన్నే. పంపడికి ధర్మపురం అనే అగ్రహారం దక్కిన సంగతి కూడా అందులోనే ఉంది. రాసిందెవరు, ఇచ్చిందెవరు, ఇచ్చిందేమిటి అన్నీ రాతి మీదికెక్కాయి.

వెయ్యేళ్ల తర్వాత తెలిసినాయన ఫోన్ చేసి, “నాలుగు పేజీలే గదనే, జర చూసిపెట్టరాదే” అంటాడు. నాలుగు అనుకున్నవి నలభై అవుతాయి. మొహమాటం కొద్దీ రెండు రాత్రులు పోతాయి. ఇలాంటప్పుడు కరీంనగర్ వెండి నగిషీ పనివాళ్లను గుర్తు చేసుకోవాలి. 2007లో భౌగోళిక గుర్తింపు పొందిన పని అది. వెండిని సన్నని తీగగా లాగి, మెలిపెట్టి, వంచి, అతికి పువ్వులు తీస్తారు. అక్కడ వెండి ధర వేరు, మజూరి వేరు. మజూరి దగ్గర బేరమాడేవాళ్లు ఉంటారు గాని, అసలు మజూరి ఎందుకని అడిగేవాళ్లు ఉండరు. రాతప్రతి రచయిత తెచ్చిన వెండి. దాని మీద మనం చేసే తీగపనికి మజూరి అడిగితే తప్పెట్లా అవుతుంది?

అపోహ 2: తెలుగు వస్తే చాలు, ఎడిటింగ్ అంటే అచ్చుతప్పులు దిద్దడమే

వాస్తవం: బయటికి ఒకటిగా కనిపించే ఈ పనిలో మూడు పనులున్నాయి. పేజీలు కట్టిన తర్వాత ఎగిరిపోయిన ఒత్తును, తలకిందులైన బొమ్మను, తప్పిన పేజీ అంకెను పట్టుకోవడం ప్రూఫ్ రీడింగ్. అంతకు ముందే వాక్యం వాక్యం చదివి భాషను, అర్థాన్ని, పేర్లను, తేదీలను సరిచూడటం కాపీ ఎడిటింగ్. దానికీ ముందు, ఏ అధ్యాయం ఎక్కడుండాలి, ఏది తీసేయాలి, ఏది ఇంకా విప్పి రాయాలి అని రచయితతో కూర్చుని తేల్చడం నిర్మాణం చూసే ఎడిటింగ్.

రిటైరైన టీచర్ గారి ఆత్మకథ చేతికొచ్చిందనుకోండి. మూడో అధ్యాయంలో 1969 ఉద్యమంలో తాను పదో తరగతి అన్నారు, ఎనిమిదో అధ్యాయంలో అదే ఏడు ఇంటర్మీడియెట్ అన్నారు. ఒకచోట మేనత్త లక్ష్మి, మరోచోట రాజవ్వ. అచ్చుతప్పు ఒక్కటి లేకున్నా పుస్తకంలో ఇన్ని తప్పులు! వీటిని పట్టేవాళ్లు ఎడిటర్లు.

మన ఊళ్లలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. చాలా డీటీపీ సెంటర్లలో ఇప్పటికీ అనూ ఫాంట్లతో, పేజ్‌మేకర్‌లో పని నడుస్తుంది. ఫోన్లో, వెబ్‌సైట్లో కనిపించేది యూనికోడ్ తెలుగు. అనూలో కొట్టిన మ్యాటర్‌ను యూనికోడ్‌లోకి మార్చినా, అటు నుంచి ఇటు మార్చినా కొన్ని ఒత్తులు, గుణింతాలు చెదురుతాయి. అందుకని మార్చిన ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే. ఆ చదువుడుకు కూడా ముందే గంటలు లెక్కేసుకోవాలి.

అపోహ 3: మన యాసను తీసేసి ‘మంచి తెలుగు’ చేస్తేనే ఎడిటింగ్

వాస్తవం: ఆదిలాబాద్ పెద్దాయన సామల సదాశివ తన జ్ఞాపకాల పుస్తకానికి పెట్టుకున్న పేరు ‘యాది’. ఆ పేరును ‘జ్ఞాపకం’ అని దిద్ది ఉంటే ఏం మిగిలేది? సిరిసిల్ల పల్లెల మాటతో 2023లో వచ్చిన ‘బలగం’ సినిమాలో ‘ఊరు పల్లెటూరు’ పాట రాసిన కాసర్ల శ్యామ్‌కు 71వ జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ గీత రచయిత పురస్కారం దక్కింది.

యాసలో రాసిన పుస్తకానికి ఎడిటర్ అక్కర్లేదని మాత్రం అనుకోవద్దు. అక్కడే పని ఎక్కువ. ఒక పేజీలో ‘పోయిండు’, మరో పేజీలో ‘వెళ్లాడు’ ఉంటే అది కావాలని రాసిందా, పొరపాటున పడిందా? పాత్రల మాటలు యాసలో, కథనం పత్రికల భాషలో అనుకున్నారా? రచయితను అడిగి తేల్చుకోవాలి. ‘అంబటాళ్ల’, ‘అంబటేళ్ల’ రెండూ ఊళ్లో వినిపిస్తాయి. పుస్తకంలో ఏది వాడాలో ఒక కాగితం మీద రాసిపెట్టుకుని చివరిదాకా అదే పాటించాలి. ఇలాంటి మాటల జాబితా ప్రతి పుస్తకానికీ ఒకటి ఉండాలి.

అపోహ 4: పని కావాలంటే హైదరాబాద్ పోవాలె, ఇంగ్లిష్‌లోనే రాయాలె

వాస్తవం: రాత పని అనగానే మనకు పత్రికలే మెదులుతాయి. పత్రికల పారితోషికం మీదే బతకడం ఎప్పుడూ కష్టమే. కొవిడ్ తర్వాత కొన్ని వారపత్రికలు ఆగిపోయి ఆ దారి ఇంకా ఇరుకైంది. అయితే చుట్టూ చూస్తే వేరే దారులు కనిపిస్తాయి. ఆసుపత్రి కరపత్రం, బడి వార్షిక సంచిక, స్వచ్ఛంద సంస్థ నివేదిక, ఊరి చరిత్ర, పెద్దల ఆత్మకథ, అభినందన సంచిక, విత్తనాల కంపెనీ సూచనల పత్రం, యూట్యూబ్ వీడియోకు మాటలు, ఇవన్నీ ఎవరో ఒకరు రాయాల్సినవే. జగిత్యాల జిల్లా మల్యాల మండలం లంబాడిపల్లి నుంచి ‘మై విలేజ్ షో’ యూట్యూబ్ చానెల్ వాళ్లు ఊరి మాటనే పెట్టుబడిగా పెట్టి రాష్ట్రమంతా చూసేలా చేశారు. ఆ వీడియోల వల్లనే గంగవ్వ ఇంటింటికీ తెలిసింది.

ఇక భాషల సంగతి. ఆదిలాబాద్ బజారులో నిలబడితే తెలుగు, ఉర్దూ, మరాఠీ, గోండి, కొలామి, లంబాడీ చెవిన పడతాయి. రెండు మూడు భాషలు వచ్చినవాళ్లకు అనువాదం సహజంగా అబ్బే పని. సదాశివ ఉర్దూ సాహిత్యాన్ని, హిందుస్తానీ సంగీతాన్ని తెలుగు పాఠకుల దగ్గరికి తెచ్చింది ఆదిలాబాద్‌లో ఉండే. ఆయన ‘స్వరలయలు’కు 2011 కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. వంగర నుంచి వెళ్లిన పి.వి.నరసింహారావు విశ్వనాథ ‘వేయిపడగలు’ను ‘సహస్రఫణ్’గా హిందీలోకి, హరినారాయణ ఆప్టే మరాఠీ నవలను ‘అబల జీవితం’గా తెలుగులోకి తెచ్చారు. నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన రాతప్రతుల లిపి ‘గుంజాల గోండి’ పేరుతో 2018లో యూనికోడ్‌లో చేరింది. గోండి తెలిసి కంప్యూటర్ మీద రాయగలిగినవాళ్లకు మునుపు లేని వీలు ఇప్పుడుంది.

అపోహ 5: ఉద్యోగం మానేస్తేనే అసలైన ఫ్రీలాన్సర్

వాస్తవం: హనుమాజీపేటలో పుట్టిన కవి సినారె 1962లో ‘గులేబకావళి కథ’తో సినిమా పాటలు మొదలుపెట్టారు. విశ్వవిద్యాలయంలో పాఠాలు మాత్రం మానలేదు. సదాశివ కూడా పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తూనే రాశారు. జగిత్యాల అలిశెట్టి ప్రభాకర్ కవిత్వంతో పాటు కెమెరా పట్టాడు. జగిత్యాలలో ‘పూర్ణిమ’, కరీంనగర్‌లో ‘శిల్పి’, హైదరాబాద్‌లో ‘చిత్రలేఖ’ పేర్లతో స్టూడియోలు నడిపాడు. రాజీపడని ఆ కవి 1993లో క్షయతో పోయాడు. ఆయన పేదరికాన్ని త్యాగంగా కీర్తించడం మనకు అలవాటైంది. అంతటి కవి రాత ఆయన వైద్యానికీ ఇంటికీ ఎందుకు సరిపోలేదని అడగడం మాత్రం అలవాటు కాలేదు.

కాబట్టి ఉన్న ఉద్యోగాన్ని ఒక్కసారిగా వదిలేయాల్సిన పని లేదు. సాయంత్రాలు రెండు గంటలతో మొదలుపెట్టండి. ఆరు నెలల ఇంటి ఖర్చు చేతిలో ఉండి, అడగకుండానే మళ్లీ మళ్లీ పని ఇచ్చేవాళ్లు ఇద్దరు ముగ్గురు కుదిరాక ఉద్యోగం సంగతి ఆలోచించవచ్చు.

అపోహ 6: పేజీకి ఇంత, పదానికి ఇంత అని రేటు పెట్టుకుంటే సరి

వాస్తవం: వెయ్యి బీడీలకు ఇంత, సాంచాల మీద మీటరు బట్టకు ఇంత అనే లెక్క మన ప్రాంతానికి కొత్త కాదు. ఆ లెక్కలో ఉన్న తిప్పలూ తెలిసినవే. ముడి సరుకు బాగుంటే కూలి గిడుతుంది, లేకుంటే అదే కూలికి రెట్టింపు సేపు కూర్చోవాలి. రాతప్రతి కూడా అంతే. ఒకరి పది పేజీలు గంటలో అయితే, మరొకరివి పూట పడతాయి.

ఒక ఉజ్జాయింపు లెక్క చూద్దాం. నెలకు 30 వేలు కావాలి. నెలకు 24 రోజులు, రోజుకు 5 గంటలు పైసలొచ్చే పని చేస్తారు. మిగతా సేపు ఫోన్లకు, బిల్లులకు, పని వెతుక్కోవడానికి పోతుంది. అంటే 120 గంటలు, గంటకు 250 రూపాయలు. ఇప్పుడు 200 పేజీల పుస్తకం వచ్చింది. ఒప్పుకునే ముందు నడుమ నుంచి ఓ పది పేజీలు దిద్ది చూడండి. రెండున్నర గంటలు పట్టిందంటే మొత్తానికి 50 గంటలు. రెండో చదువుకు 15, రచయితతో మాటలకు 5 కలిపితే 70. రుసుము 17,500 రూపాయలు. పేజీకి 40 చొప్పున ఒప్పుకుని ఉంటే వచ్చేది 8 వేలే. గంటకు 115 రూపాయలు కూడా పడదు.

రచయితకు పేజీ లెక్కే చెప్పండి, ఫరవాలేదు. ఆ పేజీ ధర వెనుక మీ గంటల లెక్క ఉంటే చాలు. మూడో వంతు అడ్వాన్సు అడగడం, రెండు సార్ల కంటే ఎక్కువ మార్పులు కోరితే అదనం అని ముందే చెప్పడం మరవొద్దు.

అపోహ 7: పైసలిచ్చినంక హక్కులన్నీ వాళ్లవే

వాస్తవం: 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు తొలి హక్కుదారు రచయితే. జీతానికి పనిచేసే ఉద్యోగి ఉద్యోగంలో భాగంగా రాసింది, వేరే ఒప్పందం లేకుంటే, యజమానిది అవుతుంది. ఫ్రీలాన్సర్ ఉద్యోగి కాడు. హక్కు చేతులు మారాలంటే రాతపూర్వకంగా ఉండాలి, కింద సంతకం ఉండాలి. ఎన్నేళ్లకో రాయకుంటే ఐదేళ్లకే, ఏ ప్రాంతానికో రాయకుంటే భారతదేశానికే అని చట్టం లెక్కిస్తుంది. హక్కులు ఇచ్చేసిన తర్వాత కూడా, రచన తనదని చెప్పుకునే హక్కు, తన గౌరవం దెబ్బతినేలా దాన్ని వక్రీకరిస్తే అడ్డుచెప్పే హక్కు రచయితకు ఉంటాయి. కాపీరైట్ రావడానికి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కూడా కాదు.

దీనికి రెండో వైపు కూడా చూడాలి. ఇంకొకరి పుస్తకం దిద్దినంత మాత్రాన అందులో ఎడిటర్‌కు హక్కు రాదు. పేరు వేయాలా వద్దా అన్నది ముందే అనుకోవాల్సిన సంగతి.

అపోహ 8: ఎగ్గొడితే చేసేదేం లేదు, మన ఖర్మ అనుకోవాలె

వాస్తవం: పుస్తకం అచ్చయి, ఆవిష్కరణ జరిగి, శాలువాలు కప్పుకున్నాక కూడా “వచ్చే నెల చూద్దాం సార్” అనే మాట ఈ పనిలో ఉన్నవాళ్లు విననిది కాదు. దానికి 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల చట్టంలో మందుంది. సేవలు అందించే ఒంటరి వ్యక్తి కూడా ‘ఉద్యమ్’ పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదు కావచ్చు. నమోదు పూర్తిగా ఉచితం.

ఒప్పందంలో గడువు రాసుకుంటే అది 45 రోజులు మించకూడదు. గడువే రాసుకోకుంటే పని అందుకున్న 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీతో కట్టాలి. కట్టకుంటే ఆన్‌లైన్‌లోనే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు. పైగా సూక్ష్మ, చిన్న సంస్థలకు గడువులోగా చెల్లించని సొమ్మును వ్యాపారులు చెల్లించేదాకా ఖర్చుగా చూపుకునే వీలు ఆదాయపు పన్ను లెక్కల్లో తీసేశారు. బాకీ ఉన్న కంపెనీ ఆడిటర్ చెవిన ఈ మాట వేస్తే ఫైలు కదలవచ్చు. నమోదు మాత్రం పని ఒప్పుకోక ముందే చేసుకుని ఉండాలి.

అపోహ 9: చిన్న సంపాదనకు పన్ను లెక్కలెందుకు? లేదా, తొలి రోజే జీఎస్టీ తీసుకోవాలె

వాస్తవం: రెండూ పొరపాటే. తెలంగాణలో సేవలకు ఏడాది రాబడి 20 లక్షలు దాటే వరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కర్లేదు. వేరే రాష్ట్రం కంపెనీకి రాసిచ్చినా అదే పరిమితి. ఇక ఒకే సంస్థ నుంచి ఏడాదిలో వచ్చే వృత్తి రుసుము 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు. 2025 ఏప్రిల్‌కు ముందు ఈ పరిమితి 30 వేలు ఉండేది. ఆ 10 శాతం మన పాన్ మీద జమ అవుతుంది. మొత్తం ఆదాయం పన్ను కట్టేంత లేకుంటే రిటర్ను వేసి వెనక్కి తెచ్చుకోవచ్చు. రిటర్ను వేయనివాళ్లు తమ పైసలు తామే వదులుకున్నట్టు.

అపోహ 10: డిపాజిట్ కడితే ఇంట్లో కూర్చుని టైపింగ్ పని

వాస్తవం: పని ఇచ్చేవాళ్లు మనకు పైసలిస్తారు, మన దగ్గర తీసుకోరు. ‘రిజిస్ట్రేషన్ ఫీజు’ అని మొదలుపెట్టి, పేజీలు పంపి, అగ్రిమెంటు మీద సంతకం పెట్టించుకుని, చివరికి “తప్పులెక్కువ, జరిమానా కట్టకుంటే కేసు” అని లీగల్ నోటీసు పేరుతో బెదిరించడం పాత మోసమే. భయపడి కట్టొద్దు. పైసలు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

అపోహ 11: థీసిస్ దిద్దడమంటే రాసివ్వడమే

వాస్తవం: భాష, వరుస, ఉదహరింపుల తీరు సరిచేయడం ఎడిటింగ్. వాదన మనమే తయారుచేసి ఇస్తే అది మోసంలో పాలుపంచుకోవడం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 60 శాతం దాటితే పరిశోధన రిజిస్ట్రేషనే రద్దవుతుంది. అలా రాసిచ్చినవాళ్ల పేరు కూడా ఊళ్లో చెడుతుంది.

అపోహ 12: ఐఎస్‌బీఎన్ నంబరు కొనుక్కోవాలె

వాస్తవం: మన దేశంలో అది ఉచితం. కేంద్ర విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఐఎస్‌బీఎన్ ఏజెన్సీకి రచయితే ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు నింపిపెట్టినందుకు మీరు రుసుము తీసుకోండి, నంబరు ధర అని మాత్రం చెప్పకండి.

అపోహ 13: ఏఐ వచ్చింది, ఇక ఎడిటర్లెందుకు?

వాస్తవం: ముతక అనువాదానికి, మామూలు ప్రకటన రాతకు రేటు తగ్గే మాట నిజమే. యంత్రం నిమిషంలో ఇచ్చేదానికి ఎవరూ పాత ధర ఇవ్వరు. కానీ ‘కైకిలి’ని ఎక్కడ అలాగే ఉంచాలో, ఎక్కడ ‘కూలి’ అనాలో, రాజవ్వ మేనత్తా చిన్నమ్మా అన్నది ఎవరిని అడగాలో తేల్చడానికి ఆ ఊరు తెలిసిన మనిషి కావాలి. యంత్రం ధీమాగా రాసిన తప్పు తేదీకి అచ్చులో బాధ్యత పడేది మనిషి మీదే. ఇంకో జాగ్రత్త: రచయితను అడగకుండా ఆయన రాతప్రతిని ఇలాంటి యంత్రాల్లో వేయొద్దు. అది ఆయన సొత్తు.

ఇన్ని చెప్పినా చివరికి చేయాల్సింది చిన్న పనే. పని ఒప్పుకునే ముందు ఒక మెసేజ్ పంపండి: “నమస్తే సార్. మీ పుస్తకం 200 పేజీలకు భాష దిద్దుబాటు, ఒకసారి ప్రూఫు చూసిస్తాను. గడువు 30 రోజులు. రుసుము 17,500, అందులో 6 వేలు అడ్వాన్సు, మిగతాది పని ముట్టిన 15 రోజుల్లో. మార్పులు రెండుసార్లు. ఎడిటర్‌గా నా పేరు లోపలి పేజీలో. సరేనంటే ‘సరే’ అని జవాబివ్వండి.” హక్కులు బదిలీ చేసేదుంటే దానికి సంతకంతో కాగితం వేరుగా రాసుకోవాలి. మిగతా పనికి ఈ ఐదారు వాక్యాలు చాలు.

జినవల్లభుడికి గుట్ట ఎక్కి, శిల్పిని కుదిర్చి, రాతి మీద చెక్కించాల్సి వచ్చింది. మనకు పట్టేది రెండు నిమిషాలు.